గెలీలియో జీవితము, చలన రహస్యము

గిలకలదిండి రేవున పడవ నడుపువారికి ఒక సంగతి చిన్ననాటినుండి తెలిసినదే. తెడ్డు వేయుచున్నంతవరకు పడవ నడచును. తెడ్డు పైకెత్తి ఊరకున్నచో అది కొంతదూరము తనంతట సాగి, క్రమముగా వేగము తగ్గి, తుదకు నిలిచిపోవును. తెరచాప దింపినను అంతే, మరపడవలో యంత్రము ఆపినను అంతే. పూర్వము బందరు కాలువ గట్టు వెంబడి మనుష్యులు త్రాడు భుజమున వైచుకొని సరకుల పడవలను లాగుచు నడిచిన దినములలోను అందరి అనుభవము ఇదియే. లాగినంతసేపు పడవ కదలుచుండెను, లాగుట మానిన పిమ్మట నిలిచిపోవుచుండెను. దీనినిబట్టి ఎవరికైనను తోచునది ఒక్కటే. కదలుటకు బలము కావలెను, బలము తొలగినచో కదలికయు తొలగును, కదలక యుండుటయే వస్తువులకు సహజము.

ఈ అభిప్రాయము పామరులది మాత్రమే కాదు. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దిలో గ్రీకు దేశమందలి మహాపండితుడు అరిస్టాటిలు ఇట్లే బోధించెను. ఆయన మాట ఐరోపా ఖండపు విద్యాపీఠములలో తరతరములు చెల్లుబడి యయ్యెను. 14వ శతాబ్దిలో పారిసు నగరమందలి బురిడాను మొదలగు కొందరు దీనిని శంకించి వేరు మార్గము త్రొక్కిరి గాని, లోకము వారి వెంట నడువలేదు. కదలుచున్న వస్తువును అదే వేగముతో కదలనిచ్చుటకు బలము అక్కరలేదనియు, ఆ కదలికను మార్చుటకే బలము కావలెననియు లోకమునకు దారి చూపినవాడు ఇటలీ దేశస్థుడగు గెలీలియో. బల్లపై గుండ్లను దొర్లించి ఆయన తెలిసికొన్న ఈ సూత్రము భూగోళమే తిరుగుచున్నదను గొప్ప సత్యమునకు ఆధారమాయెను. అందువలననే ఆయన వృద్ధాప్యమున దండనకు గురియయ్యెను. ఆ మహాశయుని చరిత్ర తెలిసికొనదగినది.

బాల్యము, విద్యాభ్యాసము

గెలీలియో 1564వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన పీసా నగరమున జన్మించెను. తండ్రి విన్సెంజియో గెలీలి పేరుగాంచిన సంగీత విద్వాంసుడు. తంతులకు బరువులు వ్రేలాడగట్టి, బిగువు మారినకొలది స్వరము ఎట్లు మారునో ఆయన స్వయముగా పరీక్షించి చూచెను. పూర్వులు వ్రాసిరన్నంత మాత్రమున ఏ మాటను అంగీకరింపరాదను పట్టుదల ఆయనకు కలదు. కుమారునకు సంక్రమించిన ఆస్తి ధనము కాదు, ఈ పట్టుదలయే.

సంగీతము వలన ఇల్లు గడచుట కష్టమని ఎరిగిన తండ్రి, పెద్ద కుమారుడు వైద్యుడైనచో సంసారమునకు ఆధారము దొరకునని తలంచి 1581లో వానిని పీసా విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకు చేర్చెను. కాని బాలుని మనస్సు అందు నిలువలేదు. ఆస్టిలియో రిచ్చి యను గణితజ్ఞుని బోధ చెవిని పడినది మొదలు ఆతడు యూక్లిడు రేఖాగణితమునకును, ఆర్కిమిడీసు గ్రంథములకును వశుడయ్యెను. 1585లో పట్టము పుచ్చుకొనకయే విశ్వవిద్యాలయమును విడిచి, నాలుగు సంవత్సరములు పిల్లలకు గణితము చెప్పి కాలక్షేపము చేసెను. 1589లో, తాను పట్టము పొందని ఆ పీసా విశ్వవిద్యాలయముననే గణితాచార్య పదవి లభించెను. జీతము సంవత్సరమునకు 60 నాణెములు మాత్రమే.

పీసా నగరమందలి ఒరిగిన గోపురము పైనుండి గెలీలియో బరువైన గుండును, తేలికయైన గుండును ఒక్కసారిగా జారవిడిచెనను కథ లోకమున ప్రసిద్ధము. దానిని తరువాత వ్రాసినవాడు ఆయన శిష్యుడు వివియాని. ఇది నిజముగా జరిగెనా యని చరిత్రకారులు సందేహించుచున్నారు. జరిగినను జరగకున్నను, బరువు హెచ్చినకొలది వస్తువు అంత వేగముగా పడునను అరిస్టాటిలు మాటను ఆయన ఆనాడే త్రోసివేసెననుట మాత్రము నిజము.

1591లో తండ్రి కాలధర్మము నొందెను. పెద్ద కుమారుడగుటచే సంసారభారము గెలీలియో తలపై బడెను. చెల్లెండ్ర కట్నముల బాకీలు ఆయనను చాలకాలము వెంటాడెను. తమ్ముడు తన వంతు సొమ్ము చెల్లింపకపోవుటచే ఆ భారము మరింత హెచ్చెను. ఎక్కువ జీతమునకై ఆయన 1592లో వెనిసు రాజ్యమునకు చెందిన పాదువా విశ్వవిద్యాలయమునకు వెడలెను. గోలకొండ ప్రభువు మహమ్మదు కులీ కుతుబ్షా హైదరాబాదు నగరమునకు పునాది వేసిన మరుసటి సంవత్సరమది. ఆనాడు మచిలీపట్టణము గోలకొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు.

పాదువాలో పదునెనిమిది సంవత్సరములు

వెనిసు సముద్రముపై బ్రతుకు రాజ్యము. అచ్చటి ఓడల కర్మశాల ఐరోపాలో పేరెన్నికగన్నది. పండితులు సాధారణముగా అడుగుపెట్టని ఆ చోటికి గెలీలియో పోయి వడ్రంగులతోను, కమ్మరులతోను మాటలాడి వారి అనుభవమును గ్రహించుచుండెను. 1593లో ఓడలకు తెడ్లను ఎట్లు అమర్చినచో ఎక్కువ ఫలము కలుగునను ప్రశ్న వచ్చినప్పుడు వెనిసు అధికారులు ఆయన అభిప్రాయము నడిగిరి. చేతిపని చేయువారినుండి నేర్చుకొనుటకు సిగ్గుపడకపోవుట ఆయన గొప్పతనములలో నొకటి.

పాదువాలోనే మరీనా గంబా యను స్త్రీ వలన ఆయనకు ఇద్దరు కుమార్తెలును, ఒక కుమారుడును కలిగిరి. వివాహము జరుగలేదు. పెద్ద కుమార్తె వర్జీనియా 1600లో జన్మించెను. తరువాత ఆమె సన్న్యాసినుల మఠమున చేరి మరియా చెలెస్తె యను పేరు గ్రహించెను. తండ్రి కష్టకాలమున ఈమెయే ఆయనకు అండగా నిలిచెను.

చలనమును గూర్చిన ముఖ్య పరీక్షలు ఆయన చేసినదియు పాదువాలోనే. పైనుండి పడు వస్తువు కనుమూసి తెరచులోపల నేల చేరును. ఆ వేగమును కొలుచుటకు ఆనాడు తగిన గడియారములు లేవు. గెలీలియో దానికొక ఉపాయము కనుగొనెను. పొడుగైన బల్లకు నున్నని గాడి తీయించి, లోపల తోలు అతికించి, ఒక చివర కొంచెము ఎత్తిపెట్టి, ఆ గాడిలో కంచు గుండును దొర్లించెను. ఏటవాలు తక్కువగుటచే గుండు మెల్లగా దిగును. కాలమును కొలుచుటకు నీటిపాత్ర అడుగున సన్నని గొట్టము అమర్చి, గుండు దొర్లునంతసేపు కారిన నీటిని త్రాసున తూచెను. నీటి బరువే కాలమునకు కొలత. నూరుసార్లు పరీక్షించినను ఫలితము మారలేదు. మొదటి గడియలో గుండు ఒక పాలు దూరము పోయినచో, రెండవ గడియలో మూడు పాళ్లు, మూడవ గడియలో అయిదు, నాలుగవ గడియలో ఏడు పాళ్లు పోవుచుండెను. మొత్తము లెక్కించిన ఒకటి, నాలుగు, తొమ్మిది, పదునారు. అనగా దూరము కాలము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. పడుచున్న వస్తువునకు వేగము క్షణక్షణము సమముగా హెచ్చునని దీని వలన తేలెను.

అంతటితో ఆయన ఆగలేదు. దిగుడు బల్లకు ఎదురుగా ఎక్కుడు బల్ల పెట్టినచో, దిగిన గుండు దాదాపు తాను బయలుదేరిన ఎత్తువరకు ఎక్కును. ఎక్కుడు వాలు తగ్గించినచో ఆ ఎత్తును అందుకొనుటకు గుండు మరింత దూరము పోవలెను. వాలు ఇంకను తగ్గించినచో ఇంకను దూరము పోవును. ఆ వాలును పూర్తిగా తీసివేసి బల్లను సమతలముగా నుంచినచో ఏమగును? గుండు ఎంత పోయినను తాను దిగిన ఎత్తును అందుకొనజాలదు. కావున అడ్డు లేనిచో అది ఎన్నడును ఆగరాదు. దిగునప్పుడు వేగము హెచ్చును, ఎక్కునప్పుడు తగ్గును. దిగుటయు ఎక్కుటయు లేని చోట హెచ్చుటకు గాని తగ్గుటకు గాని కారణము లేదు. కావున ఆ వేగము అట్లే యుండవలెను.

ఇది సామాన్యమైన ఆలోచన కాదు. లోకమున పూర్తిగా నునుపైన బల్ల లేదు, ఘర్షణ లేని గాడి లేదు. కనబడు ప్రతి గుండును ఎచ్చటనో ఒకచోట ఆగుచునే యుండును. అయినను ఆగుట గుండు స్వభావము కాదనియు, గరుకుదనమును గాలియు దానిని ఆపుచున్నవనియు గెలీలియో గ్రహించెను. ఆటంకములను ఒక్కొక్కటిగా తగ్గించుచు పోయి, అవి పూర్తిగా లేనప్పుడు ఏమగునో బుద్ధితో చూచుట ఆయన కనిపెట్టిన మార్గము.

పడవ విషయమును మరల విచారించుట

ఈ సూత్రముతో బందరు కాలువ పడవను మరల పరిశీలించినచో సంగతి తేటపడును. లాగువారు త్రాడును బిగబట్టి మొదట అడుగు వేయునప్పుడు వారి బలము నీటి అడ్డగింపు కంటె ఎక్కువ. కావున పడవ వేగము పుంజుకొనును. వేగము హెచ్చినకొలది నీటి అడ్డగింపును హెచ్చును. కొంతసేపటికి లాగువారి బలమును, నీటి ఎదురు బలమును సరిసమానమగును. అప్పుడు పడవపై మిగిలిన బలము సున్న. అయినను పడవ నిలువదు, అదే వేగముతో సాగుచుండును. అనగా ఆ మనుష్యుల చెమట పడవను కదల్చుచుండుటకు కాదు, నీరు దాని వేగమును హరింపకుండ సరిపెట్టుటకు మాత్రమే ఖర్చగుచుండెను. త్రాడు వదలినప్పుడు నీటి ఎదురు బలమొకటే మిగులును. అదియే పడవను క్రమముగా నిలుపును.

సరకు నిండిన పడవను కదల్చుటయు కష్టమే, కదలినదానిని ఆపుటయు కష్టమే. ఉన్న స్థితిని వస్తువు తనంతట విడువజాలదు. కదలక యున్నది కదలకయే యుండును, కదలుచున్నది అదే వేగముతో నేరుగా కదలుచుండును. ఈ గుణమునకు జడత్వమని పేరు. బరువైన వస్తువునకు జడత్వము ఎక్కువ. వల నిండ చేపలతో తిరిగివచ్చు మరపడవ ఒడ్డు చేరకముందే యంత్రమును ఆపి, మిగిలిన దూరము పడవను తనంతట సాగనిచ్చు సరంగు ఈ గుణమును ప్రతిదినము లెక్క గట్టుచునే యున్నాడు. ఆ లెక్కకు శాస్త్రమున తొలి పునాది వేసినవాడు గెలీలియో.

ఆకాశమును చూచుట

1608లో హాలెండు దేశమున కంటి అద్దములు చేయువారు దూరదర్శినిని నిర్మించిరి. ఆ దేశస్థులే మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పినవారు. వారి పేరు బందరు వలందపాలెములో నేటికిని నిలిచియున్నది. దూరదర్శిని వార్త 1609లో గెలీలియో చెవిని పడగానే ఆయన స్వయముగా అద్దములు అరగదీసి అంతకంటె మేలైన దానిని నిర్మించి ఆకాశమునకు త్రిప్పెను. చంద్రునిపై కొండలు, లోయలు కనబడెను. 1610 జనవరిలో గురుగ్రహము చుట్టును నాలుగు చంద్రులు తిరుగుచుండుట కనబడెను. తరువాత శుక్రునకును చంద్రునివలె వృద్ధిక్షయములు గలవని తెలిసెను. శుక్రుడు సూర్యుని చుట్టును తిరిగిననే గాని అట్టి రూపములు కలుగవు. ఆ సంవత్సరమే ఫ్లోరెన్సు ప్రభువు ఆయనను తన ఆస్థానమునకు రప్పించెను.

సూర్యుడు నడుమ నుండగా భూమి దాని చుట్టును తిరుగుచున్నదని పోలండు దేశస్థుడగు కొపర్నికసు 1543లో ప్రకటించియుండెను. గెలీలియో కన్నులారా చూచిన విషయములు ఆ మతమునకు బలము చేకూర్చెను. కాని పెద్ద ఆక్షేపణ యొకటి అడ్డు నిలిచెను. భూమి తిరుగుచున్నచో మనకు ఏల తెలియదు? గిలకలదిండి ఉన్న అక్షాంశమున భూమి తన చుట్టును తాను తిరుగుటచే నేల గంటకు సుమారు 1600 కిలోమీటర్ల వేగముతో తూర్పునకు పోవుచున్నది. అనగా ఒక క్షణములో 440 మీటర్లకు పైగా. అట్లయినచో పైకెగిరిన మనుష్యుడు దిగులోపల నేల ముందుకు పోయి ఆతడు పడమట ఎచ్చటనో పడవలదా? గోపురము పైనుండి విడిచిన రాయి గోపురమునకు దూరముగా పడవలదా?

ఈ ఆక్షేపణ ఐరోపాలో మాత్రమే పుట్టినది కాదు. భారతదేశమున 499లో ఆర్యభటుడు భూభ్రమణమును చెప్పి, నడచు నావలోని వానికి ఒడ్డు వెనుకకు పోవుచున్నట్లు తోచుటను దృష్టాంతముగా చూపెను. అనంతరము వరాహమిహిరుడు దానిని అంగీకరింపక, భూమి తిరుగుచున్నచో ఆకాశమున ఎగురు పక్షులు తమ గూళ్లను తిరిగి చేరజాలవని ఆక్షేపించెను. వరాహమిహిరుడు అల్పుడు కాడు. అనుభవము ఆయన పక్షముననే యున్నట్లు కనబడెను. జడత్వమను సూత్రము తెలియనంతకాలము ఆ ఆక్షేపణకు సమాధానము చెప్పుట ఎవరి తరమును కాదు.

నావలోని పరీక్ష

1616లో రోము మతాధికారులు కొపర్నికసు మతము తప్పని నిర్ణయించి, దానిని సత్యమని బోధింపరాదని గెలీలియోను హెచ్చరించిరి. ఆయన కొన్ని సంవత్సరములు మౌనము వహించెను. 1623లో తనయందు ఆదరముగల బార్బెరీని ఎనిమిదవ అర్బను అను పేరుతో పోపు పదవి నధిష్ఠించెను. గెలీలియోకు ఆశ చిగిర్చెను. భూమి కదలునా, సూర్యుడు కదలునా యను వాదమును ముగ్గురు మిత్రుల సంభాషణగా వ్రాసి 1632లో ఫ్లోరెన్సు నగరమున ప్రకటించెను. ఆ గ్రంథము పండితుల లాటిను భాషలో కాక, అందరును చదువగల ఇటలీ భాషలో నుండెను.

అందులో ఆయన నావను సాక్షిగా నిలిపెను. నడచు నావయందలి కొయ్యస్తంభము పైనుండి రాయి జారవిడిచినచో అది స్తంభము మొదటనే పడును, వెనుక పడదు. ఏలన చేతిలో నున్నప్పుడే రాతికి నావ వేగము కలదు. చేయి విడిచినంత మాత్రమున ఆ వేగము పోదు. రాయి క్రిందికి దిగుచునే నావతో కూడ ముందుకును సాగును. ఇక నావ అడుగున మూసిన గదిలో కూర్చున్నవానిని తలంచుకొనుడు. పైనుండి బొట్టుబొట్టుగా కారు నీరు సన్నని మూతిగల కుండలో నేరుగా పడుచుండును. తొట్టిలోని చేప అన్ని వైపులకు ఒకే తీరుగా ఈదును. సీతాకోకచిలుకలు వెనుక గోడకు కొట్టుకొనిపోవు. మిత్రునకు బంతి విసరుటకు ముందువైపుననైనను, వెనుకవైపుననైనను ఒకే ప్రయాస. నావ నిలిచియున్నప్పుడు ఎట్లో, తొణకక బెణకక సమవేగముతో పోవునప్పుడును అట్లే. గదిలో ఎట్టి పరీక్ష చేసినను నావ కదలుచున్నదో లేదో చెప్పుట అసాధ్యము.

బందరు నుండి గుడివాడకు పోవు బస్సులో కూర్చున్నవారికిని ఇది అనుభవమే. చదునైన బాటపై బస్సు ఒకే వేగమున పోవునప్పుడు ఒడిలోని పుస్తకము కదలదు. హఠాత్తుగా ఆగినప్పుడు ఒడలు ముందుకు తూలును, మలుపు తిరిగినప్పుడు ప్రక్కకు ఒరుగును. మనకు తెలియునది వేగము కాదు, వేగమున కలుగు మార్పు మాత్రమే. భూమి మహానావ వంటిది. గాలియు, మబ్బులును, పక్షులును, సముద్రమును ఆ నావలోని ప్రయాణికులే. పక్షి గూటిని విడిచినప్పుడు భూమి వేగమును వెంట తీసికొనియే ఎగురును. కావున గూటికి తిరిగి చేరును. వెయ్యేండ్లనాటి ఆక్షేపణకు ఇట్లు సమాధానము లభించెను. 1640లో ఫ్రాన్సు దేశస్థుడగు గస్సెండి మార్సేలు రేవున వేగముగా నడచు ఓడ స్తంభము పైనుండి రాళ్లను విడిచి అందరి ఎదుట పరీక్షించెను. రాళ్లు స్తంభము మొదటనే పడెను.

గెలీలియో చెప్పినదంతయు సరియైనది కాదు. సముద్రపు పోటుపాట్లు భూచలనము వలన కలుగుచున్నవని ఆయన వాదించి, వానికి చంద్రునితో సంబంధము కలదను మాటను త్రోసిపుచ్చెను. అమావాస్య పున్నములకు పోటు హెచ్చునని గిలకలదిండి బెస్తవారిలో చిన్నపిల్లలకును తెలియును. ఈ విషయమున చేపలు పట్టువారి అనుభవమే సత్యము, మహాపండితుని వాదము తప్పు. అట్లే సమతలమున సాగు చలనము భూమి వంపు ననుసరించి సాగునని ఆయన తలంచెను. అది నేరుగా సాగునని స్పష్టముగా చెప్పినవాడు 1644లో ఫ్రెంచి తత్త్వవేత్త డేకార్టు.

విచారణ, దండన

గ్రంథము వెలువడిన కొలది మాసములకే దాని అమ్మకము నిలుపబడెను. సంభాషణలో పాతమతమును సమర్థించు మందబుద్ధి నోట తన వాదమును పెట్టెనని పోపు ఆగ్రహించెను. రోమునకు రావలెనని ఆజ్ఞ వచ్చెను. గెలీలియో అప్పటికి రోగపీడితుడు, దేశమున మహామారి సంచరించుచుండెను. అయినను 1633 ఫిబ్రవరిలో రోము చేరక తప్పలేదు. 1616 నాటి హెచ్చరికను ఉల్లంఘించెననుట ఆయనపై మోపబడిన నేరము.

1633 జూన్ 22వ తేదీన, 69 ఏండ్ల ఆ వృద్ధుడు మతాధికారుల ఎదుట మోకరించి, భూమి కదలుచున్నదను అభిప్రాయమును విడుచుచున్నట్లు వ్రాతమూలమున చదువవలసి వచ్చెను. గ్రంథము నిషేధింపబడెను. ఆయనకు కారాగారవాసము విధింపబడి, పిదప గృహనిర్బంధముగా మార్చబడెను. మూడు సంవత్సరములు వారమునకొకసారి ప్రాయశ్చిత్త కీర్తనలు పఠింపవలెననుటయు దండనలో భాగము. తండ్రికి బదులుగా ఆ పఠనమును మఠమునందలి కుమార్తె మరియా చెలెస్తె తాను వహించెను. ఆయన ఫ్లోరెన్సు చెంత ఆర్చెట్రి గ్రామమందలి తన ఇల్లు చేరిన కొన్ని నెలలకే, 1634 ఏప్రిల్‌లో, ముప్పదిమూడవ ఏట ఆమె మరణించెను. ఆ దుఃఖము ఆయనను క్రుంగదీసెను.

గెలీలియో తన మాటను వెనుకకు తీసికొనుట పిరికితనమని కొందరందురు. 1600లో బ్రూనో యను తత్త్వవేత్తను రోమున సజీవముగా దహించిన సంగతి ఆయన ఎరుగును. ప్రాణము దక్కించుకొనిన ఆ ముసలివాడు మిగిలిన దినములను ఎట్లు గడపెనో చూచినచో ఆ నిందలో పస లేదని తెలియును.

కడపటి గ్రంథము

ఆయనకు కాగితము, కలము, ముప్పది సంవత్సరముల నాటి పరీక్షల లెక్కలు మిగిలియుండెను. భూమిని, సూర్యుని వదలిపెట్టి, పాదువాలో బల్లపై దొర్లించిన గుండ్ల కడకు ఆయన మరల వచ్చెను. పదార్థముల దృఢత్వమును గూర్చియు, చలనమును గూర్చియు రెండు నూతన శాస్త్రములను గ్రంథముగా రచించెను. ఆ గ్రంథము వెనిసు ఓడల కర్మశాల ప్రశంసతోనే ఆరంభమగును. విసరిన వస్తువు ముందుకు సమవేగముతోను, క్రిందికి పెరుగు వేగముతోను ఒకేసారి సాగుటచే దాని మార్గము పరవలయమగునని అందు నిరూపించెను. ఇటలీలో దానిని అచ్చువేయు వీలు లేదు. వ్రాతప్రతి దేశము దాటి హాలెండునకు చేరెను. 1638లో లైడెను నగరమున ఎల్జెవీరు ముద్రాపకులు దానిని ప్రకటించిరి. వలందుల ఓడలు బందరు రేవున కలంకారీ వస్త్రములు ఎక్కించుకొనుచున్న కాలమది.

అచ్చుప్రతి చేతికందునప్పటికి దానిని చదువుటకు ఆయనకు చూపు లేదు. ఆకాశమున ఎవరును చూడనివి చూచిన ఆ కన్నులు రెండును పోయినవి. వివియాని, టొరిచెల్లి యను శిష్యులు కడపటి దినములలో ఆయన చెంత నుండి ఆయన చెప్పినది వ్రాసికొనిరి. 1642 జనవరి 8వ తేదీన గెలీలియో పరమపదించెను. ఘనముగా సమాధి కట్టుటకు అధికారులు అనుమతింపనందున ఫ్లోరెన్సు దేవాలయమందలి చిన్న గదిలో ఆయన దేహము ఉంచబడెను. 1737లో గాని దానిని తగిన సమాధికి మార్చలేదు.

అనంతర చరిత్ర

గెలీలియో మరణించిన సంవత్సరమే, ఇంగ్లండునందలి నాటి పంచాంగము ప్రకారము డిసెంబరు 25వ తేదీన, ఐజాకు న్యూటను జన్మించెను. 1687లో వెలువడిన తన మహాగ్రంథమున న్యూటను జడత్వమును మొదటి చలన నియమముగా నిలిపెను. బయటి బలము మార్చనంతవరకు ప్రతి వస్తువును నిశ్చల స్థితిలో గాని, నేరుగా పోవు సమవేగములో గాని ఉండునని దాని భావము. బలము వేగమును ఎంత మార్చునో రెండవ నియమము తెలుపును. ఈ రెండు నియమములకును న్యూటను గెలీలియోకు ఋణపడియుంటినని ఒప్పుకొనెను.

నిషిద్ధ గ్రంథముల పట్టికనుండి గెలీలియో సంభాషణ 1835 నాటి ముద్రణలో తొలగింపబడెను. 1992లో పోపు రెండవ జాన్ పాల్ గెలీలియో విషయమున నాటి న్యాయనిర్ణేతలు పొరపడిరని బహిరంగముగా అంగీకరించెను. అమెరికా వారు 1977లో ప్రయోగించిన వాయేజరు యను నౌక సూర్యుని ప్రధాన గ్రహములన్నిటిని దాటి, క్షణమునకు సుమారు 17 కిలోమీటర్ల వేగముతో నక్షత్రముల నడుమ సాగుచున్నది. దానిని ముందుకు నెట్టు యంత్రమేదియు లేదు. సూర్యుని ఆకర్షణ ఆ దూరమున మిక్కిలి స్వల్పము, అడ్డగించు నీరు లేదు, గాలి లేదు. కావున అది పోవుచునే యున్నది. గెలీలియో తన గాడిబల్ల చివర బుద్ధితో చూచిన ఎన్నటికిని ఆగని గుండు ఇదియే.

రోములో నిషేధింపబడిన పుస్తకము ఆల్పు పర్వతములు దాటి 1635లో స్ట్రాస్‌బర్గున లాటిను భాషలో అచ్చయి, ఐరోపాయందలి పుస్తక భాండారములలో చేరెను. దానిని వ్రాసినవాని నోరు మూయింపబడినను, ఎచ్చటనో ఒక బీరువాలో నుండి అది చదువువారి చేతికి అందుచునే యుండెను. గ్రంథాలయము చేయు పని ఇదియే. గిలకలదిండి బాలుడొకడు ఒడ్డున కూర్చుండి, తెడ్డు ఎత్తిన పిమ్మటను పడవ ఏల సాగుచున్నదని అడిగినచో, ఆ ప్రశ్నకు సమాధానము ఈ గ్రామములోనే దొరకవలెను.